దరువు అందరిదీ... డప్పు ఎవరిది?

బోనం కదలాలన్నా, పీరీలు లేవాలన్నా పెద్దపల్లి పల్లెల్లో ముందు డప్పు మోగాలి. మనిషి పోయినా అదే డప్పు! దరువు మాత్రం మారుతుంది. చెవిన పడగానే అది చావుదో, సంబురానిదో ఊరంతటికీ తెలిసిపోతుంది. ఇలా ఊరందరిదీ అయిన వాద్యాన్ని తరతరాలుగా మోసింది మాత్రం మాదిగవాడే.

చెక్క చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, ఒక చేత సిర్ర, మరో చేత సిటికెన పుల్ల పట్టి మోగించడం చిన్న విద్యేమీ కాదు. అయినా దొరల కాలంలో అది విద్య కాదు, వెట్టి. చాటింపుకు రమ్మంటే పోవాల్సిందే.

ఇలాంటి కథే అమెరికాలోనూ ఉంది. అక్కడి పల్లెపాట 'కంట్రీ మ్యూజిక్' అనగానే టోపీ పెట్టుకున్న తెల్లవాళ్లే గుర్తొస్తారు. కానీ అందులో మోగే బాంజో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యం. 1920ల్లో రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటలకు 'రేస్', తెల్లవాళ్ల పాటలకు 'హిల్‌బిల్లీ' అని పేర్లు పెట్టి వేర్వేరుగా అమ్మాయి. నాష్‌విల్‌లోని 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' రేడియో కార్యక్రమంలో మౌతార్గాన్‌తో మెరిసిన నల్లజాతి కళాకారుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో తీసేశారు. ఆయన బూట్లు పాలిష్ చేసే దుకాణంతో బతికాడు. 1982లో చనిపోయిన ఆయనకు కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2005లో!

అక్కడ వాద్యాన్ని ఉంచుకుని మనిషిని పక్కకు నెట్టారు. మన దగ్గర మనిషిని వాద్యానికే కట్టేశారు. అందుకే 'డప్పు మానేస్తేనే గౌరవం' అన్నవాళ్లు ఉన్నారు. చావు డప్పు కొట్టబోమని ఎదురుతిరిగిన వాడలూ ఉన్నాయి. మరికొందరు దాన్నే జెండాగా ఎత్తారు. 1970ల నుంచి గద్దర్, జననాట్యమండలి డప్పును ఉద్యమ వేదిక ఎక్కించారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగల ఉద్యమం 'దండోరా' అనే పేరే పెట్టుకుంది. ఒకప్పుడు వెట్టిగా వేసిన చాటింపు పేరది! దాచుకున్న కులం పేరును యువకులు తమ పేర్ల చివర చేర్చుకున్నారు. 2002 నుంచి తెలంగాణ ధూంధాం సభల్లో డప్పు లేని రాత్రి లేదు.

ఇప్పుడు వేదికల మీద అన్ని కులాల పిల్లలూ డప్పు పడుతున్నారు. మంచిదే. కానీ ఊళ్లో ఎవరైనా పోతే కబురు వెళ్లేది మాత్రం పాత వాడకే. 'పెళ్లికైతే రేటు మాట్లాడుకుని పోదాం, చావుకు వద్దు' అనే కొడుకులకూ, 'పిలిచినంక పోకుంటే ఎట్ల?' అనే తండ్రులకూ మధ్య వాదన ఇంకా తెగలేదు.