గుండెకుఁ గ్రొత్త తలుపు

కర్నూలు–కడప కాలువ మన సీమవారి కందఱికిని దెలిసినదే. సుంకేసులయొద్ద తుంగభద్రనుండి వెడలి మన పొలములకు నీరు దెచ్చుచున్నది. మొదటి తలుపులు చెడినను, గట్టు ఉబ్బి తెగినను పైరునకు ముప్పు. మన శరీరమందును అట్టి ప్రధానమైన కాలువ యొకటి కలదు. దానిని బృహద్ధమని యందురు. అది గుండె యెడమభాగమునుండి బయలుదేఱి సర్వాంగములకు రక్తమును జేర్చును. దాని మూలమున సాధారణముగా మూఁడు రేకుల కవాటముండును. అది రక్తమును ముందునకు విడుచునే కాని వెనుకకు రానీయదు.

కొందఱికి ఈ మూలము క్రమముగా ఉబ్బును; కవాటము సరిగా మూసికొనదు. ఉబ్బు మితిమీఱినచో గోడ చీలి హఠాత్తుగా ప్రాణము పోవచ్చును. కావున వెడల్పు సుమారు 5.5 సెంటిమీటర్లు కాఁగానే, వంశపారంపర్యముగా ఈ వ్యాధి గలవారికి అంతకు ముందే, శస్త్రచికిత్స చేయుదురు. 1968లో లండను వైద్యులైన బెంటాల్, డి బోనో అనువారు మూలమును, కవాటమును ఒక్కసారిగా మార్చు పద్ధతిని ప్రకటించిరి. కవాటము కుట్టిన నేఁతగొట్టమును అమర్చి, గుండెకే రక్తమిచ్చు నాళములను దానికిఁ గలుపుదురు.

నా పూర్వశిష్యుఁడొకఁడు, జమ్మలమడుగు ప్రాంతపు రైతు, ఈ చికిత్స పొంది మూఁడేండ్లు సుఖముగా సేద్యము చేసెను. ఒకనాఁడు “ఒళ్లు బాగుండాది గదా అయ్యవారూ, ఇంకా మాత్రలెందుకు?” అని యడిగెను. వైద్యమెఱుఁగని నేను “నీ యిష్టం నాయనా” అంటిని. అతఁడు మాత్రలు మానెను. కొన్ని వారములకే కవాటముపై నెత్తురు గడ్డకట్టి, ఆయాసముతో ఆసుపత్రి చేరెను. బ్రదికెను, కాని నా మాట నన్ను నేఁటికిని బాధించుచున్నది.

తగిన సమయమునఁ జికిత్స పొందినవారిలోఁ బలువురు పది, యిరువది యేండ్లు పనిపాటలు చేసికొనుచు జీవించుచున్నారు. అయితే చికిత్స యొకనాఁటిది, సంరక్షణ జీవితకాలపుది. యంత్రకవాటము దీర్ఘకాలము మన్నును. మన దేశమున తిరువనంతపురపు శ్రీచిత్రా సంస్థలో నిర్మించిన అట్టి కవాటమును 1990లో తొలిసారి రోగికి అమర్చిరి. కాని దానిపై రక్తము గడ్డకట్టకుండుటకై వార్‌ఫరిన్ మాత్రను ఆజన్మాంతము ప్రతిదినము వేసికొనవలయును. మోతాదు తగ్గిన గడ్డకట్టును, హెచ్చిన రక్తస్రావమగును. అందుచే ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష వైద్యుఁడు చెప్పిన గడువులోఁ జేయించుకొనవలయును. ఆ సంఖ్య సాధారణముగా 2, 3ల నడుమ నుండవలయును. జంతుకణజాలముతోఁ జేసిన కవాటమునకు ఈ మాత్ర చిరకాలము అక్కఱలేదు; కాని పది, పదునైదేండ్లలో అరిగిపోవచ్చును, చిన్నవయసువారికి ఇంకను ముందే.

సంగటిలో ఆకుకూర మానవలసిన పనిలేదు. వారము వారమునకు ఒకే కొలతగాఁ దినవలయును. నొప్పిమాత్రలు, పసరుమందులు వైద్యునడుగక మ్రింగరాదు. పన్ను పీకించుకొనుటకు ముందు కవాటము సంగతి చెప్పవలయును. నోటి క్రిములు రక్తమునఁ జేరి దానిని పట్టఁగలవు. స్త్రీలు గర్భధారణకు ముందే వైద్యుని సంప్రదింపవలయును. మిగిలిన ధమని మరొకచోట ఉబ్బవచ్చును గనుక స్కానింగు మానరాదు. వంశవ్యాధి యైనచో తోఁబుట్టువులను, బిడ్డలను గూడఁ బరీక్షింపవలయును.

పెద్దలారా, పల్లెలో మన మాటకు విలువ కలదు. మాత్ర మానెదనని యెవఁడైన మీ యరుగుపైఁ గూర్చుండి యడిగినచో, నేనన్న మాట మీరనకుఁడు. “పద నాయనా, ముందు డాక్టరును అడుగుదాము” అని వెంటఁబోవుఁడు.