ట్రాక్టరు ఇంజను విప్పినప్పుడు ఏది ఉంచాలి? ఏది మార్చాలి?

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలారు. ఆ రోజుల్లో మిర్యాలగూడ చుట్టుపక్కల పొలాలు దున్నింది ఎడ్లు. ఇప్పుడు మాడుగులపల్లిలో అయినా, వేములపల్లిలో అయినా దున్నేది ట్రాక్టరు. దమ్ము చేసేది ట్రాక్టరు. వడ్లను మిల్లుకు తోలేది కూడా ట్రాక్టరే.

ఏళ్ల తరబడి నడిచాక ఇంజను అరుగుతుంది. నీలం పొగ వదులుతుంది. ఇంజనాయిలు తొందరగా తగ్గిపోతుంది. బండి బరువు లాగదు. "ఇంజను బోరుకొచ్చింది, విప్పాలి" అని మెకానిక్ చెప్తాడు.

విప్పాక అసలు ప్రశ్న వస్తుంది. అన్నీ కొత్తవి వేయాలా? పాతవే కట్టాలా?

అన్నీ మారిస్తే అప్పు చేయాలి. సంఘంలో తెచ్చిన అప్పుకు నెలనెలా కిస్తీ కట్టేది మనమే. అన్నీ పాతవే కడితే నాట్ల నడుమ బండి ఆగిపోవచ్చు. అందుకే ఈ సంగతి ఆడవాళ్లకూ తెలియాలి.

తప్పకుండా మార్చేవి

ప్యాకింగులు, ఆయిలు సీళ్లు, రబ్బరు రింగులు, పిస్టన్ రింగులు, ఫిల్టర్లు. వీటిని మళ్లీ వాడకూడదు. ఇంజనాయిలు కూడా కొత్తదే పోయాలి.

ఎందుకు? మన ఇంట్లో కుక్కరు రబ్బరు చూడండి. వేడికి అది గట్టిపడుతుంది. అప్పుడు మూత పక్క నుంచి ఆవిరి పోతుంది. ఇంజనులో సీళ్లూ అంతే. హెడ్డు కింద ఉండే ప్యాకింగు ఒకసారి నలిగితే మళ్లీ సరిగా కూర్చోదు. అది కారితే నీళ్లు ఇంజనాయిల్లో కలుస్తాయి. బేరింగులు పాడవుతాయి. మళ్లీ ఇంజను విప్పాలి. మళ్లీ కూలి ఇవ్వాలి. ప్యాకింగు దగ్గర మిగిలిన డబ్బు కంటే పోయేదే ఎక్కువ.

కొలిచి తేల్చేవి

లైనరు, పిస్టను, క్రాంకు, వాల్వులు. ఇవి చాలా ఖరీదైనవి. వీటిని కంటితో చూసి చెప్పకూడదు. కొలవాలి.

కొలిచే పరికరం పేరు మైక్రోమీటరు. అది మిల్లీమీటరులో నూరో వంతు కూడా చూపిస్తుంది. మన తల వెంట్రుక మందం కంటే అది చాలా తక్కువ. ఏ భాగం ఎంత వరకు అరగవచ్చో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. కొలత ఆ హద్దు లోపల ఉంటే ఉంచవచ్చు. హద్దు దాటితే బాగు చేయించాలి, లేదా మార్చాలి.

లైనరు: పిస్టను పైకీ కిందికీ ఆడేది దీనిలోనే. ఇది పైభాగంలో ఎక్కువ అరుగుతుంది. బాగా అరిగిన లైనరులో కొత్త రింగులు వేస్తే లాభం లేదు. సొట్ట గిన్నె మీద కొత్త మూత పెట్టినట్టే. పొగ తగ్గదు. లైనరు మార్చాలి. లైనరు లేని ఇంజను అయితే లేత్ షాపులో బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు.

క్రాంకు: ఇది అరిగినా వెంటనే పారేయనక్కర లేదు. గ్రైండింగు చేయించవచ్చు. 0.25 మిల్లీమీటరు తగ్గిస్తే 0.25 సైజు బేరింగులే వేయాలి. 0.50 తగ్గిస్తే 0.50 సైజువే వేయాలి. ఈ అంకె బేరింగు వెనక వైపు అచ్చు వేసి ఉంటుంది. మీరే చదివి చూడండి.

వాల్వులు: కొద్దిగా అరిగితే రుద్ది సరిచేస్తారు. వంగినా, అంచు కాలినా మార్చాలి.

పగులు ఉంటే?

కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూస్తాం. ఇంజను భాగాలకూ పరీక్ష ఉంది. భాగాన్ని శుభ్రంగా కడగాలి. కిరోసిన్ పూయాలి. కొంచెం సేపు ఆగి తుడవాలి. దాని మీద చాక్‌పీసు పొడి చల్లాలి. పగులు ఉంటే లోపలి కిరోసిన్ బయటికి ఊరుతుంది. పొడి మీద తడి గీత కనిపిస్తుంది. సన్నని పగుళ్లు ఇలా దొరకకపోవచ్చు. హెడ్డుకూ క్రాంకుకూ షాపులో వేరే పరీక్షలు ఉన్నాయి. అనుమానం ఉంటే అవి చేయించాలి. క్రాంకుకు గానీ, కనెక్టింగు రాడ్డుకు గానీ పగులు ఉంటే దాన్ని మళ్లీ వాడకూడదు. నడుస్తుండగా అది విరిగితే మొత్తం ఇంజనే పోతుంది.

ఎందుకు అరిగింది?

ఇది తప్పకుండా అడగాలి. పొలాల్లో దుమ్ము ఎక్కువ. ఎయిర్ క్లీనరు శుభ్రం చేయకపోతే దుమ్ము ఇంజనులోకి పోతుంది. లైనరునూ రింగులనూ గీరేస్తుంది. కారణం సరిచేయకుండా కొత్త సామాను వేస్తే అదీ తొందరగా అరుగుతుంది.

మనం ఏం చేయాలి?

1. విప్పిన భాగాలన్నీ ఒక కాగితం మీద రాయించండి.
2. పక్కన "ఉంచాలి", "బాగు చేయాలి", "మార్చాలి" అని రాయించండి. ఎందుకో అడగండి.
3. కొలిచిన అంకె, హద్దు అంకె రెండూ రాయించండి.
4. కనెక్టింగు రాడ్ల మూతలు ఒకదానివి ఇంకోదానికి బిగించకూడదు. 1, 2, 3 అని గుర్తులు ఉన్నాయో లేదో చూడండి.
5. కొత్త సామానుకు బిల్లు తీసుకోండి. తీసేసిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. బిల్లులో రాసినవీ, సంచిలో ఉన్నవీ సరిపోవాలి.

మంచి మెకానిక్ ఇలా అడిగితే కోపం చేసుకోడు. కొలిచి చూపిస్తాడు.

ఆలోచించండి – రాయండి

1. తప్పకుండా మార్చాల్సిన మూడింటి పేర్లు రాయండి.
2. క్రాంకును 0.50 మిల్లీమీటరు తగ్గించారు. 0.25 సైజు బేరింగు వేయవచ్చా?
3. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ట్రాక్టరు ఉంటే, ఎయిర్ క్లీనరు ఎప్పుడు శుభ్రం చేశారో అడగండి. ఆ తేదీ రాసి పెట్టుకోండి.