క్లారినెట్ బ్యారెల్ కథ

మన హాస్టల్‌లో బ్యాండు మేళం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం కొందరం ఉన్నాం. ఎండాకాలం కరీంనగర్ బరాత్‌లలో కీబోర్డు పక్కన క్లారినెట్ శ్రుతి పైకి పోతే మాట పడేది మా బాపులే. తప్పు వాళ్ల ఊపిరిది కాదు, ఎండది. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 దగ్గర 355. కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నోట పెట్టే ముక్కకు, పై గొట్టానికి నడుమ ఉండే చిన్న పీపాయే బ్యారెల్. పొడవు మామూలుగా 65, 66 మిల్లీమీటర్లు. కాస్త బయటికి లాగితే శ్రుతి దిగుతుంది. మరీ లాగితే లోపల సందు పడి, పై రంధ్రాల స్వరాలు మిగతావాటికంటే ఎక్కువ దిగిపోతాయి. అందుకే పొడుగు బ్యారెల్ ఇంకొకటి ఉంచుకోవడం మేలు. ఆదిలాబాద్ చలి పొద్దుల్లో దీనికి తలకిందులు, పొట్టిది కావాలి.

ఫిలడెల్ఫియాలో హాన్స్ మోనిగ్ అనే పనిమంతుడు బ్యారెల్ లోపలి రంధ్రాన్ని పైనుంచి కిందికి సన్నబడేలా తొలిచాడు. కింది స్వరాలూ, మీట నొక్కితే పలికే పై స్వరాలూ ఒకదానితో ఒకటి కలవాలని. కర్రా, ఎబొనైటా, లోహమా అన్న వాదం తెగదు గానీ, లోపలి కొలతే ముఖ్యమని మా నమ్మకం. మెరుపు చూసి కొనకండి. పది నిమిషాలు ఊది వాయిద్యం వేడెక్కాక, కీబోర్డుతో కలిపి చూసి కొనండి.