అట్లాంటిక్‌లో తుపాకిమందు, గౌతమి ఒడ్డున జెండా మార్పు

1778లో యానాం, 1781లో పాలకొల్లు, జగన్నాథపురం ఇంగ్లీషువారి చేతికి చిక్కాయి. మూడూ కోనసీమ చుట్టుపక్కల ఊళ్లే. ఆ ఏళ్లలో ఈ ప్రాంతంలో పెద్ద యుద్ధమేదీ జరగలేదు. తగాదా పుట్టింది ఇక్కడికి వేల మైళ్ల దూరాన అట్లాంటిక్ సముద్రంలో. అమెరికా తిరుగుబాటుదారుల కోసం ఓడల్లో వెళ్తున్న తుపాకులు, మందుగుండు ఎవరివి, వాటిని దారిలో పట్టుకునే హక్కు ఎవరికుంది అన్న వాదం లండన్, పారిస్, హేగ్ నగరాల్లో నాలుగైదేళ్లు సాగి యుద్ధాలుగా మారింది. దాని ఫలితం గౌతమి, వశిష్ఠ ఒడ్డుల దాకా వచ్చింది.

అప్పటికి గోదావరి పాయల మొగల్లో మూడు దేశాల వర్తకులు పక్కపక్కనే కాపురముండేవారు. గౌతమికి అవతల, కోనసీమ వైపున్న ఎదుర్లంకకు ఎదురుగా ఫ్రెంచివారి యానాం. దానికి కూతవేటు దూరంలో ఇంజరం, అది ఇంగ్లీషు కుంపిణీది. ద్రాక్షారామం, జగన్నాథపురం (నేటి కాకినాడలో భాగం) డచ్చివారి స్థావరాలు. వశిష్ఠకు పడమట నరసాపురాన్ని ఆనుకుని ఇంగ్లీషువారి మాడపొల్లం, కాస్త ఎగువన డచ్చివారి పాలకొల్లు. కోనసీమ లోపల, వైనతేయ సముద్రంలో కలిసే చోట ఇంగ్లీషువారి బెండమూర్లంక. అందరినీ రప్పించింది ఇక్కడి నేత బట్టలే.

జెండాలు మారడం ఈ తీరానికి కొత్త కాదు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంజరం, బెండమూర్లంక, మాడపొల్లం మూడింటినీ పట్టుకున్నాడు. తర్వాత ఇంగ్లీషువారిది పైచేయి అయింది. 1763 పారిస్ సంధి ప్రకారం ఫ్రెంచివారికి వారి స్థావరాలు తిరిగి దక్కాయి. 1766లో నిజాముతో కుదిరిన ఒడంబడికతో ఉత్తర సర్కార్లు కుంపిణీవయ్యాయి. అప్పటినుంచి యానాం, పాలకొల్లు కుంపిణీ రాజ్యం మధ్యలో పరాయివారి వర్తక ద్వీపాలుగా మిగిలాయి. ఐరోపాలో శాంతి ఉన్నంత కాలమే వాటికి రక్ష.

ఆ శాంతికి ముందుగా గండి కొట్టింది తుపాకిమందు. అమెరికాలోని ఇంగ్లీషు వలసలు ఎదురు తిరగబోతున్నాయని పసిగట్టిన బ్రిటన్ 1774 అక్టోబరులో అక్కడికి ఆయుధాల ఎగుమతిని నిషేధించింది. వలసలకు మందు తయారుచేసుకునే స్తోమత లేదు. దాంతో కరీబియన్ దీవుల్లో ఎవరి దగ్గర తుపాకిమందు ఉంటే వారికి సిరుల పంట పండింది.

ఫ్రాన్సు ఇందులోకి దొంగదారిన దిగింది. ‘సెవిల్ మంగలి’ నాటకం రాసిన బొమార్షే 1776లో ‘రోడ్రిగ్ హోర్తలెజ్’ పేరుతో ఒక వర్తక సంస్థ తెరిచాడు. పైకి అది మామూలు వ్యాపారం. పెట్టుబడి మాత్రం ఫ్రెంచి ఖజానా ఇచ్చిన పది లక్షల లివ్రులు, స్పెయిన్ ఇచ్చిన మరో పది లక్షలు. ఫ్రెంచి ఆయుధాగారాల నుంచి ఫిరంగులు, తుపాకులు, గుడారాలు ఓడలెక్కాయి. పారిస్‌లోని బ్రిటిష్ రాయబారి స్టార్మంట్ వేగుల ద్వారా వివరాలు సేకరించి విదేశాంగ మంత్రి వెర్జెన్ ముందు పెట్టేవాడు. మంత్రి ఆశ్చర్యం నటించి ఓడను ఆపమని ఉత్తర్వు ఇచ్చేవాడు. లె హావ్ర్ రేవులో ‘ఆంఫిట్రిట్’ అనే ఓడ విషయంలో అదే జరిగింది. ఆపమన్న ఓడ వెళ్లనే వెళ్లింది, 1777లో అమెరికా చేరింది. ఆ అక్టోబరులో సారటోగా దగ్గర ఇంగ్లీషు సైన్యం లొంగిపోయేనాటికి తిరుగుబాటుదారులు కాల్చిన మందులో అధిక భాగం విదేశాల నుంచి వచ్చిందే. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్సు అమెరికాతో ఒడంబడిక చేసుకుంది. దాంతో బ్రిటన్‌తో యుద్ధం వచ్చిపడింది.

యుద్ధవార్త కైరో మీదుగా జులై 7న కలకత్తా చేరింది. ఇంగ్లీషువారు క్షణం ఆలస్యం చేయలేదు. ఆ నెలలోనే బెంగాలులోని ఫ్రెంచి స్థావరం చంద్రనగర్‌ను పట్టుకున్నారు. పుదుచ్చేరి మాత్రం గట్టిగా నిలబడి అక్టోబరు 18న లొంగింది. కోట కూడా లేని యానాం అదే ఏడాది చేజారింది.

ఇక్కడితో ఆగలేదు. మలబారు తీరాన ఫ్రెంచివారి మాహే రేవు మైసూరు పాలకుడు హైదరాలీకి విదేశీ ఆయుధాలు అందే ద్వారం. దాన్ని ముట్టవద్దని, అది తన రక్షణలో ఉందని ఆయన మద్రాసును ముందే హెచ్చరించాడు. తన సైనికులను పంపాడు, ఫ్రెంచి జెండా పక్కన తన జెండా ఎగరేయించాడు. అయినా 1779 మార్చిలో ఇంగ్లీషువారు మాహేను తీసుకున్నారు. ఆ తర్వాత సర్ది చెప్పడానికి గవర్నరు రంబోల్డు జర్మన్ మతబోధకుడు ష్వార్ట్జ్‌ను శ్రీరంగపట్నం పంపాడు. ఆ రాయబారం ఫలించలేదు. 1780 జులైలో హైదరు దాదాపు 80 వేల సైన్యంతో కర్ణాటకం (మద్రాసు చుట్టుపక్కల సీమ) మీద విరుచుకుపడ్డాడు. ఆయుధాల రేవును లాక్కున్నాక మాటలతో చల్లార్చగలమనుకోవడం మద్రాసు ప్రభుత్వం చేసిన పెద్ద తప్పు. దాని భారం మోసింది తగలబడిన కర్ణాటక పల్లెలు.

డచ్చివారి కథ ఇంతకంటే చిక్కుముడి. వారు బ్రిటన్‌కు మిత్రులు. 1674 నాటి ఒడంబడిక ప్రకారం బ్రిటన్ ఎవరితో యుద్ధంలో ఉన్నా డచ్చి ఓడల్లోని శత్రువుల సరుకు జోలికి పోకూడదు. ఆయుధాలకు మాత్రమే ఆ మినహాయింపు లేదు. కలప, తాళ్లు, తెరచాప గుడ్డ, తారు నిషిద్ధం కావని అందులో స్పష్టంగా ఉంది. బ్రిటన్‌కు గుచ్చుకున్నది ఇదే. వాటితోనే ఫ్రెంచి యుద్ధనౌకలు తయారవుతున్నాయి. తెరచాపకు, కొయ్యకు, తాడుకు ఓడ ఎంతగా రుణపడి ఉంటుందో కోరంగి, నరసాపురం ఓడ వడ్రంగులకు చెప్పనక్కర్లేదు. డచ్చివారు ఒడంబడికలోని అక్షరాన్ని పట్టుకున్నారు, బ్రిటన్ తన అవసరాన్ని పట్టుకుంది. న్యాయం చూస్తే డచ్చివారి వాదానికే బలమెక్కువ. కానీ అసలు ఆయుధాల విషయంలో వారి చేతులు శుభ్రంగా లేవు. కరీబియన్‌లో వారి చిన్న దీవి సెయింట్ యుస్టేషియస్ తిరుగుబాటుదారుల మందుగుండు సంతగా మారింది. టీ పెట్టెల్లో, బియ్యం పీపాల్లో తుపాకిమందు దాచి పంపేవారు. 1776 నవంబరు 16న ఒక అమెరికన్ ఓడకు ఆ దీవి కోట నుంచి ఫిరంగి వందనం చేశారు. దీవి గవర్నరు డి గ్రాఫ్‌ను వెనక్కి పిలిపించాలని హేగ్‌లోని బ్రిటిష్ రాయబారి జోసెఫ్ యార్క్ కటువైన లేఖ ఇచ్చాడు.

1779 డిసెంబరు చివర్లో ఇంగ్లీషు తీరం దగ్గర లేఖలు పోయి ఫిరంగులు వచ్చాయి. యుద్ధనౌకల కాపలాలో వెళ్తున్న డచ్చి వర్తక ఓడలను సోదా చేస్తామని కెప్టెన్ ఫీల్డింగ్ పట్టుబట్టాడు. డచ్చి అధిపతి బైలాండ్ ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున ఒకరిపై ఒకరు కాల్పులు జరిపాక, గౌరవం దక్కిందనిపించుకుని బైలాండ్ జెండా దించాడు. వర్తక ఓడలను ఇంగ్లీషు రేవుకు తోలుకెళ్లారు. 1780 ఏప్రిల్‌లో బ్రిటన్ 1674 ఒడంబడిక సౌకర్యాలను రద్దుచేసింది. అప్పటికే మార్చిలో రష్యా రాణి కేథరిన్ తటస్థ దేశాల ఓడల హక్కులు కాపాడే కూటమికి పిలుపిచ్చింది. డచ్చివారు అందులో చేరితే బ్రిటన్ వారిపై యుద్ధానికి దిగడం రష్యాతో వైరం అవుతుంది. అంతకు ముందే ఏదో సాకు కావాలి.

ఆ సాకు సముద్రంలో తేలింది. 1780 సెప్టెంబరు 3న న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఒక అమెరికన్ నావను ఇంగ్లీషువారు పట్టుకున్నారు. అందులో ఉన్న అమెరికా దూత హెన్రీ లారెన్స్ కాగితాల సంచిని నీళ్లలోకి విసిరేశాడు. కట్టిన బరువు చాలక అది మునగలేదు. ఒక నావికుడు కొక్కెంతో పైకి లాగాడు. ఆమ్‌స్టర్‌డామ్ వర్తక పెద్దలతో రాసుకున్న రహస్య ఒడంబడిక చిత్తుప్రతి అందులో దొరికింది. డిసెంబరు 20న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. ఆ ప్రకటనలో ఈ చిత్తుప్రతికే పెద్దపీట. అసలు కారణాలైన ఆయుధాలు, కలప, రష్యా కూటమి మరుగున పడ్డాయి. 1781 ఫిబ్రవరి 3న ఇంగ్లీషు సేనాని రాడ్నీ నౌకాదళం సెయింట్ యుస్టేషియస్‌ను దోచింది. దొరికిన సొత్తు విలువ 30 లక్షల పౌన్లని నాటి అంచనా.

జూన్‌లో కొత్త గవర్నరు మకార్ట్నీ యుద్ధవార్తను వెంటబెట్టుకుని మద్రాసులో దిగాడు. సద్రాసు, పులికాటు వెంటనే పోయాయి. నవంబరులో నాగపట్నం పడింది. గోదావరి వైపు పాలకొల్లు, జగన్నాథపురం, ఇంకా పైన భీమునిపట్నం అదే ఏడాది లొంగాయి. కోనసీమకు తూర్పున ఫ్రెంచివారు మూడేళ్ల కిందటే పోయారు, ఇప్పుడు రెండు వైపులా డచ్చివారూ పోయారు. నేతగాడి గుమ్మం ముందు మిగిలిన పెద్ద విదేశీ కొనుగోలుదారు ఒక్క కుంపిణీయే. పన్ను వసూలు చేసేదీ అదే, బయానా ఇచ్చేదీ అదే, ధర కట్టేదీ అదే. ఈ యుద్ధంలో ఏ పక్షానా లేనివారికి తగిలిన దెబ్బ ఇది.

సంధులు కుదిరాక కొంత తిరిగి వచ్చింది. 1783 వెర్సాయ్ సంధి ప్రకారం యానాం 1785లో ఫ్రెంచివారికి చేరింది. 1784 మే సంధితో డచ్చివారికి నాగపట్నం తప్ప మిగిలినవి దక్కాయి. ఫ్రెంచి విప్లవ యుద్ధాల్లో రెండు దేశాల స్థావరాలూ మళ్లీ చేజారి, ఆ తర్వాత తిరిగి దక్కాయి. 1824 లండన్ సంధితో డచ్చివారు భారతదేశంలోని స్థావరాలన్నీ బ్రిటన్‌కు వదిలేసి మరుసటి ఏడాది వెళ్లిపోయారు.

అసలు తగాదాకు జవాబు దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది. తటస్థ జెండా కింద ఉన్న శత్రువు సరుకును ముట్టరాదని 1856 పారిస్ ప్రకటనలో బ్రిటన్ కూడా ఒప్పుకుంది. యుద్ధ నిషిద్ధ సరుకుకు ఆ రక్షణ వర్తించదన్నారు కానీ, ఏది నిషిద్ధమో పట్టిక రాయలేదు.

యానాం విషయంలో మాత్రం 1814 పారిస్ సంధి 12వ అధికరణం ఖరాఖండీగా తేల్చింది. భారతదేశంలో తిరిగి ఇచ్చిన చోట్ల ఫ్రాన్సు కోటలు కట్టరాదు, శాంతిభద్రతలకు అవసరమైనంతకు మించి సైనికులను ఉంచరాదు. ఆ షరతు మీదే 1817లో యానాం ఫ్రెంచివారికి అప్పగింతయింది. 1954 జూన్‌లో విముక్తమయ్యేదాకా వారి ఏలుబడిలోనే ఉంది.