కారు అద్దం పగలకుండా ఊడదీసేది ఎట్లా?

బి.కొత్తకోట వాళ్లకు హార్స్‌లీ కొండకు పోయే కార్లు కొత్త కాదు. ఏనుగు మల్లమ్మ కొండ అన్నా అదే. ఆ కార్లలో ఎప్పుడన్నా ఒక పాత అంబాసిడర్ కూడా కనిపిస్తుంది. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో ఆ కార్లు చేసేవాళ్లు. 2014లో చేయడం ఆపేశారు. ఇప్పుడు పాత కార్లను ముచ్చటపడి దాచుకొనే వాళ్లున్నారు. అట్లాంటి కారు షెడ్డుకు వస్తే మెకానిక్‌కు భయం ఇంజను గురించి కాదు. అద్దం గురించి. పగిలితే అట్లాంటిది మళ్లీ దొరకడం కష్టం.

మీ కొడుకో, తమ్ముడో షెడ్డులో పనికి పోతుండవచ్చు. పొద్దుగూకి చేతికి కట్టు కట్టుకొని ఇంటికి వస్తాడు. "ఏమైందిరా?" అంటే "అద్దం కోసుకుందిలే అక్కా" అంటాడు. ఆ పని ఏందో మనమూ తెలుసుకుందాం.

కారు అద్దాన్ని రెండు రకాలుగా బిగిస్తారు. అంబాసిడర్ అద్దం రబ్బరు పట్టీలో కూర్చుంటుంది. దీన్ని తీయడం సులువు. రబ్బరు ఎండిపోయి ఉంటే బ్లేడుతో దాని అంచు కోస్తారు. లోపలి నుంచి మెల్లగా తోస్తారు. మళ్లీ బిగించేటప్పుడు ఒక తమాషా ఉంది. రబ్బరు గాడిలో తాడు పెడతారు, పావడాకు బొందు ఎక్కించినట్టు. బయట ఒకరు అద్దాన్ని అదిమి పట్టుకొంటారు. లోపల ఒకరు తాడు లాగుతారు. తాడు వస్తుంటే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది.

రెండోది జిగురు అద్దం. 1960లలో అమెరికాలో కార్లకు ఇట్లా అంటించడం మొదలైంది. ఆ తర్వాత వచ్చిన చాలా కార్లకు ముందు అద్దం జిగురుదే. కష్టమంతా దీంతోనే.

ఆ జిగురు నల్లగా, రబ్బరులాగా సాగుతుంది. నీళ్లకు నానదు. కిరసనాయిలు పోసినా కరగదు. కోయాల్సిందే. ఉడికిన గుడ్డును దారంతో కోస్తాం చూడండి, అదే ఉపాయం. దారం బదులు సన్నని ఉక్కు తీగ.

ముందుగా వైపర్లు, అంచు పట్టీలు తీసేస్తారు. కారు రంగు గీసుకుపోకుండా చుట్టూ టేపు వేస్తారు. లోపల పాత దుప్పటి పరుస్తారు. దబ్బనం లాంటి దానితో జిగురులో రంధ్రం చేస్తారు. అందులో తీగ దూర్చి రెండు కొసలకూ పిడులు కడతారు. ఒకరు కారు లోపల, ఒకరు బయట. ఇద్దరూ పెద్ద రంపం లాగినట్టు తీగను అటూ ఇటూ లాగుతారు. తొందరపడితే రాపిడికి తీగ వేడెక్కి తెగుతుంది. తెగిన తీగ కొరడాలాగా ఎగురుతుంది. అది కంటికి తగిలితే చూపు పోవచ్చు. అందుకే కళ్లద్దాలు, తోలు చేతొడుగులు ఉండాలి. "నాకు అలవాటే" అనేవాళ్ల మాట నమ్మకండి. తీగకు అలవాటు తెలీదు.

వెనక అద్దం సంగతి వేరు. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ముక్కలు దానికే అంటుకొని ఉంటాయి. వెనక అద్దంలో చాలావాటికి ఆ పొర ఉండదు. కాల్చి గట్టిపరిచిన ఒకే పలక అది. మధ్యలో గుద్దినా తట్టుకోవచ్చు. అంచుకు చిన్న దెబ్బ తగిలితే చాలు, మొత్తం మరమరాల మాదిరి రాలిపోతుంది. దాన్ని ఒక్కచోటే వేడి చేయకూడదు. మూల పట్టుకొని ఎత్తకూడదు. ఇద్దరు రబ్బరు కప్పులు అంటించి సమంగా ఎత్తాలి. మెత్తటి దుప్పటి మీద దించాలి. గచ్చు మీద మూల ఆనిస్తే అంతే సంగతులు.

అద్దం వచ్చాక పాత జిగురును పూర్తిగా గీకెయ్యరు. రేకు మీద పలుచటి పొర ఉంచుతారు. కొత్త జిగురు దానికి బాగా పట్టుకుంటుంది. తుప్పు కనిపిస్తే మాత్రం రేకు తేలేదాకా రుద్ది, రంగు వేసి ఆరనివ్వాలి. తుప్పు మీద జిగురు పూస్తే పేడ అలకని గోడకు సున్నం కొట్టినట్టే.

కొత్త జిగురు గాలిలోని తేమ తాగి గట్టిపడుతుంది. దాని ఆవిరి ఊపిరికి మంచిది కాదు. తలుపులు తెరిచిన చోట పూయాలి. జిగురు ట్యూబు మీద రెండు అంకెలు చూడాలి. ఒకటి, ఏ తేదీ లోపల వాడాలి అన్నది. రెండోది, ఎన్ని గంటలు కారు కదపకూడదు అన్నది. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మనకు తెలిసినవే. ట్యూబు ఇంటికి తెస్తే మీరే చదివి చెప్పవచ్చు. కారాయన "అర్జెంటు, ఇప్పుడే పోవాల" అని తొందరపెట్టవచ్చు. పచ్చి జిగురుతో పోతే, గుద్దుకున్నప్పుడు అద్దం ఊడి వస్తుంది. దాంతోపాటు లోపలి మనిషీ బయటపడవచ్చు.

జిగురు ఆరిన మరునాడు అద్దం అంచుల మీద చెంబుతో నీళ్లు పోస్తారు. లోపల ఒకరు పాత పేపరు పట్టుకొని కూర్చుంటారు. పేపరు ఎక్కడ తడిస్తే అక్కడ సందు ఉన్నట్టు. తడవకపోతే వైపర్లు బిగించి, తాళం కారాయన చేతికి ఇస్తారు.