భయం కంటే నవ్వే ఎక్కువ: పాత హారర్ సినిమాలు ఎందుకు తేలిపోయాయి?

నాగోల్‌కి మెట్రో వచ్చింది 2017లో. అంతకు పాతికేళ్ల ముందు ఇక్కడ ఇల్లూ ఇల్లూ మధ్య ఖాళీ ప్లాట్లే ఎక్కువ. సినిమా చూడాలంటే దిల్‌సుఖ్‌నగర్ పోవాలి. లేదంటే వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని ఒకే రాత్రి రెండు మూడు క్యాసెట్లు లాగించాలి. ఆ మూడింట్లో ఒకటి దెయ్యం సినిమా అయ్యేది. పెద్దలు పడుకున్నాక చివర్లో వేసేది అదే.

ఆ సినిమాల్లో చాలావరకు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. కానీ పిల్లలకు చూపిస్తే నవ్వుతారు. "అబ్బా, మీరు భయపడింది దీనికా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచదు. నిజానికి ఆ రోజుల్లో కూడా హాల్లో సగం మంది ఈలలేసి నవ్వినవాళ్లే. మరి అంత తేలిపోయే సినిమాలు ఇరవై ఏళ్లపాటు ఎలా వచ్చాయి? జవాబు కథల్లో వెతికితే దొరకదు, లెక్కల్లో ఉంది.

ఈ లెక్క కనిపెట్టింది రామ్సే కుటుంబం. తండ్రి ఎఫ్.యు. రామ్సేకి కరాచీలో రేడియోల షాపు ఉండేది. అసలు ఇంటిపేరు రామ్‌సింఘానీ. విభజన తర్వాత బొంబాయి చేరి సినిమాల్లోకి దిగారు. ఏడుగురు కొడుకులు. 1970లో 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' తీస్తే ఆడలేదు. అయితే అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్క్ వేసుకుని దొంగతనానికి వచ్చే సీను ఒకటుంది. జనం ఆ ఒక్క సీను కోసమే వస్తున్నారని కొడుకులు గమనించారట. సినిమా మొత్తం అలాగే తీస్తే పోలా అనుకున్నారు.

అలా 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. పాతిపెట్టిన మనిషి లేచి రావడమే కథ. మహాబలేశ్వర్‌లో సుమారు నలభై రోజుల్లో, మూడున్నర లక్షల్లో ముగించారు. దర్శకత్వం తులసి, శ్యామ్‌లది. కెమెరా గంగూ, సౌండ్ కిరణ్, స్క్రిప్ట్ కుమార్. వంట ఇంటి ఆడవాళ్లది. బయటివాళ్లకు ఇచ్చే జీతాలు తక్కువ, సెట్ల ఖర్చు తక్కువ. పెద్ద హీరో ఉండడు కాబట్టి డేట్ల గొడవ లేదు.

తర్వాత అమ్మకం. మన దేశంలో సినిమాను ఏరియాల వారీగా అమ్ముతారు. మన నైజాం కూడా అందులో ఒక ఏరియా. చవగ్గా కొన్న డిస్ట్రిబ్యూటర్‌కి చిన్న ఊళ్లలో ఒక వారం హాలు నిండితే చాలు. రెండో వారానికి సినిమా బాగోలేదని టాక్ వచ్చినా డబ్బు అప్పటికే చేతిలో పడి ఉంటుంది. అందుకే ఖర్చంతా మొదటి వారం టికెట్ తెంపే వాటి మీదే పెట్టేవారు. పోస్టర్ మీద రాక్షసుడు, రెండు మూడు హత్యలు, ఒక స్నానం సీను. మిగతా రెండు గంటలు ఎలాగోలా నింపడమే.

ఆ నింపుడే అసలు నిరాశ. 1984లో పెద్ద హిట్టయిన 'పురానా మందిర్' చూడండి. అజయ్ అగర్వాల్ వేసిన సామ్రీ ఈ రోజుకీ గుర్తుండే ముఖం. ఆయన ఎత్తు, ఆ కళ్లు ఉంటే చాలు, మేకప్ కూడా అక్కర్లేదు. అలాంటి మనిషిని పెట్టుకుని, మధ్యలో జగ్‌దీప్‌తో గబ్బర్ సింగ్ పేరడీ కామెడీ నడిపించారు. భయం ఒక్కో మెట్టూ ఎక్కాల్సిన చోట పాట వస్తుంది, పాట అయ్యాక జోకు. దెయ్యం మళ్లీ వచ్చేసరికి చూసేవాడు చాయ్‌కి లేచిపోయి ఉంటాడు. అయినా అది ఆడింది. దాన్ని చూసి మిగతావాళ్లు ఇంకా చవగ్గా మొదలెట్టారు. చివరికి 1993లో రామ్సేలే 'జీ హారర్ షో'తో టీవీలోకి వచ్చేశారు. పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఉన్న సరుకు, కేబుల్ వైరు పట్టుకుని పిల్లలున్న హాల్లోకి దిగింది.

డబ్బు తక్కువైతే సినిమా ఇలాగే ఉండాలా అంటే, అదీ కాదు. 1992లో రామ్‌గోపాల్ వర్మ రేవతితో తీసిన 'రాత్రి'లో రాక్షసుడు లేడు. ఒక ఇల్లు, ఒక పిల్లి, ఖాళీ బస్టాప్, మణిశర్మ నేపథ్య సంగీతం. అంతే. కానీ అది ఇప్పటికీ వణికిస్తుంది. అదే దర్శకుడు 1996లో జేడీ చక్రవర్తి, మహేశ్వరి, జయసుధలతో 'దెయ్యం' తీశాడు. ఊరి చివర ఫామ్‌హౌస్ కొంటారు, పక్కనే శ్మశానం. ఊరి చివర ప్లాటు కొన్న ఏ కుటుంబానికైనా గుండెకు తగిలే కథ. సగం దాకా బిగువుగా నడిచి, చనిపోయినవాళ్లు ఎదురుగా వచ్చి నిలబడేసరికి తేలిపోయింది. దెయ్యాన్ని ఎంతసేపు దాచాలో తెలిస్తే సగం పని అయినట్టే. బడ్జెట్‌తో దానికి సంబంధం లేదు.

నవ్వుకుని వదిలేద్దామంటే ఒక్క విషయం అడ్డొస్తుంది. ఈ సినిమాలకు అన్నిటికంటే చవగ్గా దొరికిన సెట్ కబ్రస్తాన్. పొగ వదిలితే చాలు, అద్దె లేదు. 1988లో ఏకంగా 'కబ్రస్తాన్' అనే పేరుతోనే సినిమా వచ్చింది. మన ఇళ్లల్లో కబ్రస్తాన్ అంటే దాదా, నానీ ఉన్న చోటు. వెళ్తే సలాం చెబుతాం, దువా చేస్తాం, వచ్చేస్తాం. తెర మీద మాత్రం అక్కడి నుంచి చెయ్యి బయటికి వస్తుంది. ఆ చెయ్యి చూసిన పిల్లవాడు మర్నాడు జనాజా వెంట రానని మొండికేస్తే, సినిమా దర్శకుడు వచ్చి నచ్చజెప్పడు కదా.

పిల్లలు ఇప్పుడు ఇవే క్లిప్పులు ఒంటరిగా, దుప్పటి కింద చూస్తున్నారు. పక్కన కూర్చుని చూస్తే ఆ రబ్బరు మాస్క్ మెడ దగ్గర ఎక్కడ ఊడుతోందో వాళ్లే చూపిస్తారు. ఇక షబ్-ఎ-బరాత్ రాత్రి హైదరాబాద్ కబ్రస్తాన్లకు తీసుకెళ్తే అక్కడ లైట్లు, పూలు, అగర్‌బత్తీ వాసన, సమాధి రాయి మీద పేరు చదువుతూ నిలబడ్డ జనం. ఆ సినిమాలు తీసినవాళ్లు ఆ రాత్రి కెమెరా పట్టుకుని వచ్చినట్టు లేరు.