రేడియోలో రొద, పొలములో గట్టు

నేడు నేను మనవి చేయబోవు వస్తువు ఆవగింజంత యుండును. మీలో పెక్కురు దానిని చూచి యుండరు; చూచినను గుర్తుపట్టజాలరు. కాని అది మీ యింటికప్పుమీది టెలివిజను గొడుగు మూతిలో నున్నది. మీ మనుమని చేతిలోని సెల్‌ఫోనులో నున్నది. మీ చేనిగట్టున సర్వేయరు నిలబెట్టిన కోల కొనయందును ఉన్నది. దాని పేరు లో నాయిజ్ ఆంప్లిఫయరు. అనగా వచ్చిన సంకేతమును పెంచుచు, తన సొంత రొదను మాత్రము సాధ్యమైనంత తక్కువగా కలుపునది.

దీనిని గురించి మాటలాడవలెనను తలంపు నాకు నల్లమాడ ప్రాంతమున నొక చేనిలో కలిగినది. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల రీసర్వే ప్రారంభమైనది మొదలు, గొలుసు పట్టిన చేతులలోనికి రోవరు అను కోల వచ్చినది. ఆనాడు ఇరువురు దాయాదుల చేలమధ్య గట్టురాయి ఎక్కడనో తేల్చవలసి యుండెను. రాయి యొక పాత చింతచెట్టుక్రింద నున్నది. కోలను రాయిమీద నిలిపిరి. అరగంట గడచినను యంత్రము "ఫిక్స్" అని చూపదు; అంకెలు జానెడు ఇటు, మూరెడు అటు తారాడుచున్నవి. ఎండ నెత్తికెక్కినది. వచ్చిన అంకెనే వ్రాసికొని పోదమని ఒకరు, కూడదని మరియొకరు. అంతట నొక ముదుసలి నావైపు తిరిగి, "ఏమప్పా, మబ్బు లేదు, మంచు లేదు, ఆకాశము అద్దమువలె నున్నది. ఇంక దీనికేమి కనపడలే?" అని యడిగెను. ఆ సమయమున నేను చెప్పిన సమాధానము ఆయనకు తృప్తి కలిగింపలేదు, నాకును కలిగింపలేదు. ఈ ప్రసంగము ఆ సమాధానమునకు సవరణ యనుకొనుడు.

మొదట, ఆ కోల యేమి వినుచున్నది? అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహములు నేలకు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. మన దేశపు నావిక్ వరుసలో మొదటిది 2013 జూలై 1వ తేదీ రాత్రి పులికాటు ఒడ్డునున్న శ్రీహరికోటనుండి ఎగిరినది. ఆ వరుసవి ఇంకను ఎత్తున, సుమారు 36,000 కిలోమీటర్ల దూరమున నుండును. ప్రతి ఉపగ్రహమును "ఇప్పుడు వేళ ఇంత" అని ఎడతెగక చాటుచుండును. ఆ చాటింపు మనలను చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. నాలుగు ఉపగ్రహముల చాటింపులు వినబడినచో కోల యున్న తావు తేలును.

చిక్కంతయు ఆ వినబడుటలో నున్నది. ఉపగ్రహము ప్రసారము చేయు శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే. ఆ కొంచెము భూగోళములో మూడవవంతునకు పైగా పరచుకొనవలెను. మన చేనిలోని ఆంటెనాకు దక్కునది, ఒక వాట్టును నూరు కోటి కోట్ల భాగములు చేసినచో అందొక భాగము. అనంతపురము సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే యని మనము మొరపెట్టుకొందుము. ఈ లెక్కతో పోల్చిన మన వాన జలప్రళయమే.

ఇంత సన్నని సంకేతమునకు శత్రువు వేడి. వేడి గల ప్రతి వస్తువునందును ఎలక్ట్రానులు నిలుకడ లేక కదలాడుచుండును. అందుచేత ఏ బ్యాటరీయు తగిలింపక, ఒక తీగముక్కను ఊరక బల్లమీద పెట్టినను దాని కొనలమధ్య అతిస్వల్పమైన విద్యుత్తు తడబడుచునే యుండును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు జాన్సన్ అను నాతడు దీనిని కొలిచెను. అచ్చటి సహోద్యోగి నైక్విస్ట్ దీనికి లెక్క కట్టెను. ఇరువురి వ్రాతలును 1928లో వెలువడినవి. ఎఫ్.ఎం. రేడియోలో ఏ స్టేషనును లేని చోట ముల్లు నిలిపినప్పుడు వినవచ్చు రొదలో కొంత భాగ మిదియే. ఇది యంత్రలోపము కాదు. వేడి యున్నంత కాలము ఇది యుండును.

ఉపగ్రహ సంకేతము ఈ రొదలో పూర్తిగా మునిగి యుండును; రొద దానికన్న కొన్ని పదుల రెట్లు హెచ్చు. అయినను ఎట్లు వినబడును? కదిరి తేరునాడు వేలమంది కేకలు వేయుచుండగా, తప్పిపోయిన మన బిడ్డ పిలుపు మన చెవికి తెలియును గదా. ఆ గొంతు మనకు ముందే పరిచితము. అట్లే ఒక్కొక్క జి.పి.ఎస్. ఉపగ్రహమును తనకు మాత్రమే చెందిన 1,023 గుర్తుల వరుసను సెకనులో వేయవవంతున కొకసారి మరల మరల పంపుచుండును. గ్రాహకము ఆ వరుసను ముందే యెరిగి యుండి, వచ్చిన రొదతో దానిని సరిపోల్చి సరిపోల్చి, సంకేతమును పైకి తీయును. కాని ఈ నేర్పునకును హద్దు కలదు. జాతర సందడి రెట్టింపైనచో తల్లి చెవికూడ తప్పును.

ఇప్పుడు మన ఆవగింజ సంగతి. చిత్రావతి ఎండినప్పుడు ఇసుకలో చెలమ తీసి నీరు పట్టుట మీకు క్రొత్త కాదు. ఊట సన్నము. ముంతతో ముంచి బిందెలో పోసి, బిందెనుండి కాగులో పోయుదురు. ముంచిన ముంతకే బురద అంటియున్నచో, బిందె ఎంత తోమినదైనను, కాగు ఎంత పెద్దదైనను, నీరు బురదనీరే. మొదటి ముంత శుభ్రముగా నుండి, ముంతెడు నీరు నూరు ముంతలు కాగల మహిమ కూడ ఉన్నదనుకొందము. అప్పుడు బిందెకు కొంచెము మట్టి అంటియున్నను అది నూరు ముంతల నీటిలో కలిసి కానరాకుండ పోవును.

రేడియో గ్రాహకములోను ఇంతే. సంకేతమును ఒకే ఆంప్లిఫయరు పెంచదు; ఒకదాని తరువాత నొకటిగా పెక్కు పెంచును. ప్రతిదియు తన వేడివలన, తన నిర్మాణమువలన కొంత రొదను చేర్చును. మొదటిది సంకేతమును నూరు రెట్లు పెంచినచో, రెండవది చేర్చిన రొదకు నూరవవంతు విలువయే యుండును. మొదటిది చేర్చిన రొదకు మాత్రము పూర్తి విలువ. డెన్మార్కున పుట్టి అమెరికాలో పనిచేసిన ఫ్రీస్ అను ఇంజనీరు 1944లో దీనిని చిన్న సూత్రముగా వ్రాసి పెట్టెను. నేటికిని గ్రాహకములు చేయువారు ఆ సూత్రముతోనే పని మొదలు పెట్టుదురు.

"పెద్ద ఆంప్లిఫయరు పెట్టి ఇంకను గట్టిగా పెంచరాదా?" అని కొందరడుగుదురు. పెంచవచ్చును, రొదయు అంతే పెరుగును. ఒకసారి కలిసిన రొద "నేను రొదను" అని చెప్పుకొనదు. సంకేతముతో సమానముగా బిందెలో పెరుగును, కాగులో పెరుగును. ఆంప్లిఫయరునకు ముందు జరిగిన నష్టము అంతకన్న చెడ్డది. ఆంటెనానుండి పొడవైన తీగ దించి, ఇంటిలోపల ఆంప్లిఫయరు పెట్టితిరనుకొనుడు. ఆ తీగ సగము సంకేతమును మింగినచో, పోయిన సగము స్థానమున తన వేడి రొదను నింపి పంపును. అందుచేతనే టెలివిజను గొడుగు మూతిలోని డబ్బాలో, ఆకాశమున కెదురుగా, మొదటి ఆంప్లిఫయరును అమర్చుదురు. సంకేతము క్రిందికి దిగు తీగలోనే దానికి కావలసిన విద్యుత్తు పైకి ఎక్కును. రోవరు కోల తలలోను ఆంటెనాకు అంగుళముల దూరములోనే అది యుండును.

ఈ గొడుగుల చరిత్ర మన తెలుగు పల్లెలకు పాతదే. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు సైట్ అను పేర ఒక ప్రయోగము జరిగినది. అమెరికావారు ఎరువిచ్చిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహముద్వారా, మన రాష్ట్రముతో కలిపి ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు టెలివిజను చూపిరి. తెలుగు పల్లెలలో తెలుగు వినబడెను. ఆనాటి గొడుగు వెడల్పు 10 అడుగులు. కోళ్లగూళ్లకు వాడు ఇనుపవలతో కట్టినది. నేటి గొడుగు రెండడుగులు. ఉపగ్రహముల బలము పెరుగుటయు, తరంగములు పొట్టివగుటయు ఇందుకు కారణములే. మొదటి ఆంప్లిఫయరు రొద తగ్గుటయు నొక కారణము. 1979–80 ప్రాంతమున జపానులో మిమురా అను శాస్త్రజ్ఞుడు రూపొందించిన యొక విధమైన ట్రాన్సిస్టరు ఈ పనికి మిక్కిలి అనుకూలించినది. అంతకు పూర్వము ఇంత తక్కువ రొద కావలెనన్న ఆంప్లిఫయరును ద్రవహీలియములో ముంచి చల్లబరచవలసి యుండెను. 1964–65లో పెన్జియాస్, విల్సన్ అను నిరువురు అట్టి ఆంప్లిఫయరుతో ఆకాశమును వినుచుండగా, ఎంత వెదకినను కారణము దొరకని యొక రొద మిగిలినది. ఆంటెనాలో గూడుకట్టిన పావురముల రెట్టనుగూడ కడిగి చూచిరి. అది విశ్వము పుట్టిననాటి వేడియొక్క శేషమని తరువాత తేలినది. మొదటి ముంత శుభ్రముగా లేకున్న వారికది వినబడియే యుండదు.

ఒక మాట విడువరాదు. ఈ ఆంప్లిఫయరు సర్వరోగనివారిణి కాదు. మీడియంవేవు రేడియోకు దీనిని తగిలించి లాభము లేదు. ఆ తరంగములలో ఎక్కడెక్కడి మెరుపుల చిటపటయు ఆకాశమునుండియే వచ్చి పడుచుండును. తిరుపతి దాపున గాదంకిలో వాయుమండలమును పరిశీలించు రాడారు 53 మెగాహెర్ట్‌జు వద్ద పనిచేయును. అచ్చట నక్షత్రసముదాయముల రొదయే హెచ్చు. చెలమనీరే బురదగా నున్నప్పుడు ముంతను తోమి యేమి ఫలము? ఉపగ్రహముల తరంగములు అంతకన్న మిక్కిలి పొట్టివి. అక్కడ ఆకాశము చల్లగా, నిశ్శబ్దముగా నుండును గనుక ముంత శుభ్రతకు విలువ వచ్చినది.

ఇక చింతచెట్టు. ఆకులలో నీరున్నది, నీరు ఈ తరంగములను త్రాగివేయును. త్రాగినంత మేర తన వేడి రొదను తిరిగి యిచ్చును. కొమ్మలకు తగిలి ప్రక్కకు మరలి, ఆలస్యముగా వచ్చిన తరంగములు దూరపు లెక్కను తప్పించును. అనగా ఆ చెట్టు, కోల తలలోని ఆంప్లిఫయరునకు ముందు తగిలించిన చెడ్డ తీగవంటిది. ముదుసలికి అద్దమువలె కనబడిన ఆకాశము కోలకు కనబడలేదు; దానికి కనబడినది చింతాకు. ఆంప్లిఫయరు ఎంత మంచిదైనను తనకు చేరని దానిని పెంచలేదు.

తారాడుట జానెడు మేర ఏల? కోల వ్రేళ్ల వెడల్పులో తావు చెప్పవలెనన్న, చాటింపు వినుట చాలదు; తరంగములనే లెక్కపెట్టవలెను. జి.పి.ఎస్. ముఖ్యతరంగము పొడవు సుమారు 19 సెంటీమీటర్లు, అనగా జానకు కొంచెము తక్కువ. రొద హెచ్చి సంకేతము తెగుచు అతుకుచు నున్నచో, లెక్కలో ఒక తరంగము జారును, రెండు జారును. యంత్రము "ఫ్లోట్" అని చూపుట "లెక్క ఇంకను కుదరలేదు" అని చెప్పుటయే. ఆ స్థితిలో వ్రాసికొన్న అంకె రికార్డులో గట్టుగా మారును. మన మెట్టచేలలో జానెడు గట్టుకు తాతలనాటి కోర్టువ్యాజ్యము లున్నవని మీకు నేను చెప్పనక్కరలేదు.

సెల్‌ఫోను టవరు మిక్కిలి దగ్గర నున్నను చిక్కే. ఆ బలమైన ప్రసారము ఆంప్లిఫయరును ఉక్కిరిబిక్కిరి చేయవచ్చును. దానిని ఆపుటకు ముందొక జల్లెడ పెట్టుదురు. ఆ జల్లెడయు కొంత సంకేతమును తినును. ఎంత జల్లెడ, ఎంత నష్టము అనునది తయారుచేయువారి బేరము. మే నెల ఎండలో ఆంప్లిఫయరు రొద కొంచెము పెరుగుట నిజమే. సర్వే ఆపవలసినంత మాత్రము కాదు.

ఆనాడు చివరకు సర్వేయరు, పెద్దల మాట మన్నించి, కోలను చెట్టునీడ దాటించి బయలులో రెండు తావుల నిలిపెను. రెంటను నిమిషములోపలనే "ఫిక్స్" వచ్చినది. ఆ రెండు తావులనుండి రాతివరకు టేపుతో కొలిచి, రెండు కొలతలు కలిసిన చోటును గుర్తించిరి. రాయి యున్న చోటనే యున్నది. మీ చేనిలోను చెట్టుక్రింద రాయి యున్నచో ఇట్లే చేయుమని అడుగుడు. తెరమీద "ఫిక్స్" అను మాటను మీ కన్నులతో చూచిన పిమ్మటనే సంతకము పెట్టుడు. ఆ దాయాదు లిరువురును సంతకములు పెట్టిరి. మాటలు మాత్రము ఇంకను కలియలేదని విన్నాను.